అయిదు రూపాయల్లో తొమ్మిది రూపాయలు

వడమాలపేట దాటి పుత్తూరు వైపు కొంచెం దూరం పోతే రోడ్డుకు ఎడమపక్కన రెండు వందల గడప ఉండే ఊరొకటి. ఆ ఊళ్ళో బోరు నీళ్ళు నోట్లో పోసుకోలేరు. ఒకటే ఉప్పు. వాటితో వండితే అన్నం పచ్చబడుతుంది, పప్పు ఎంతసేపటికీ ఉడకదు. అందుకని పదమూడేళ్ళ కిందట కృపామణి, ఆమె మొగుడు దయానంద్ కలిసి ఇంటిపక్క రేకుల షెడ్డులో నీళ్ళ ప్లాంటు పెట్టారు. షెడ్డు గోడకు ఒక ఇనప పెట్టె, దానికొక సందు. సందులో అయిదు రూపాయల బిళ్ళ వేస్తే కింద కొళాయిలోంచి ఇరవై లీటర్ల మంచినీళ్ళు వస్తాయి. క్యాను నిండగానే అదే ఆగిపోతుంది. మనిషి కాపలా ఉండాల్సిన పని లేదు. దయానంద్ పుత్తూరు దారిలో ఆటో తోలుకుంటాడు, కృపామణి ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టుకుంటుంది.

ఆ పెట్టె అన్ని బిళ్ళలూ తీసుకోదు. తెల్లగా, మందంగా, చేతిలో బరువుగా ఉండే పాత అయిదు రూపాయల బిళ్ళ మాత్రమే దానికి కావాలి. తర్వాత వచ్చిన పల్చటి పసుపు బిళ్ళ వేస్తే టక్కుమని కిందికి వదిలేస్తుంది. ఊరికి ఇది ఎప్పుడో అలవాటైపోయింది. మందం బిళ్ళకు అక్కడ పేరే 'నీళ్ళ బిళ్ళ'. చిల్లరలో వస్తే పక్కన పెట్టుకుంటారు. బస్సులో కండక్టరుకు ఇవ్వరు. గుడి హుండీలో వెయ్యరు, ఆదివారం చర్చిలో చందా సంచిలోనూ వెయ్యరు. దేవుడికి పసుపు బిళ్ళ, నీళ్ళకు తెల్ల బిళ్ళ.

కృపామణి రోజూ పొద్దున్నే పెట్టె తాళం తీస్తుంది. ఇంచుమించు నూట ఇరవై బిళ్ళలు ఉంటాయి. వాటిలో వంద గంగాధరం చిల్లరంగట్లో ఇచ్చి అయిదువందల నోటు తెచ్చుకుంటుంది. మిగతావి కూరగాయలకూ పాలకూ ఊళ్ళోనే ఇస్తుంది. గంగాధరం ఆ వంద బిళ్ళలూ చిల్లర కింద జనానికి ఇస్తాడు. జనం తెచ్చి మళ్ళీ పెట్టెలో వేస్తారు. పదమూడేళ్ళుగా ఇలాగే జరుగుతోంది గనక దాని గురించి ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆగస్టులో ఫిల్టర్లు మార్చడానికి తిరుపతి నుంచి గిరిప్రసాద్ వచ్చాడు. ప్లాంటు పెట్టిన రోజు నుంచీ సర్వీసుకు వచ్చేది అతనే. అప్పుడు మీసం కూడా సరిగా లేని కుర్రాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. పని అయ్యాక కృపామణి టీ తెచ్చేసరికి అతను నేల మీద కూర్చొని, ఆమె పళ్ళెంలో పోసిపెట్టిన బిళ్ళల్ని చేత్తో కలియబెడుతున్నాడు.

"అక్కా, అన్నీ మందం బిళ్ళలే గదా! తిరుపతిలో ఇవి కండ్లకు కనపడడంల్యా. నేను సూసి రెండేండ్లయింటాది."

"ఈడ అవే నడుస్తాయి గదప్పా. నీ మిషను ఇంగోటి తీసుకుంటాదా?"

"అది సరే గానీ, దీంట్లో ఏముండాదో తెలుసునా నీకు? మూడు వంతులు రాగి, ఒక వంతు నికెల్. ఇప్పుడు రాగి కేజీ తొమ్మిదొందలు. నికెల్ ఇంగా జాస్తి. ఈ ఒక్క బిళ్ళలో తొమ్మిది రూపాయల సరుకుందంట. చిత్తూరులో ఎవురో ఒక్కోటి ఏడు రూపాయలకు కొంటాండారని మా ఆఫీసులో పిల్లోడు సెప్పినాడు."

కృపామణి టీ గ్లాసు కింద పెట్టింది. "అయిదు రూపాయల బిళ్ళలో తొమ్మిది రూపాయల సరుకు ఎట్లొస్తాదప్పా? గవర్నమెంటుకు పిచ్చా?"

"వాళ్ళు చేసినప్పుడు రాగికి అంత ధర ల్యాదక్కా. పెరిగినాకనే గదా దాన్ని ఆపేసి ఈ పల్చన బిళ్ళ తెచ్చినారు."

అతను టీ తాగి సామాను సర్దుకొని వెళ్ళిపోయాడు. కృపామణి మనసులోంచి ఆ మాట మాత్రం పోలేదు. ఆమెది ఇంటరుతో ఆగిన చదువు. కానీ ఏదైనా మాట చెవిలో పడితే అది నిజమో కాదో తేలేదాకా నిద్ర పట్టని మనిషి. ఒకసారి నిమ్మకాయ నీళ్ళతో బిందె తెల్లబడుతుందంటే, సగం బిందె నిమ్మకాయతోనూ సగం చింతపండుతోనూ తోమి, రెండు సగాలూ మొగుడికి చూపించింది. రోజూ చేతుల్లో ఆడే బిళ్ళ లోపల ఏముందో పదమూడేళ్ళుగా తనకు తెలియదన్నది ఆమెకు భలే వింతగా అనిపించింది.

మర్నాడు బిళ్ళలు ఇవ్వడానికి అంగడికి పోయినప్పుడు, "గంగాధరన్నా, ఈ వందా ఒక్కసారి నీ తక్కెట్లో పెట్టు" అంది.

"ఎందుకుమ్మా, నువ్విచ్చినప్పుడు నేనెప్పుడన్నా లెక్క పెట్టినానా?"

"లెక్కకు కాదన్నా. ఊరికే, ఎంత బరువో సూద్దామని."

గంగాధరం నవ్వి కరెంటు తక్కెట్లో పోశాడు. ఎనిమిది వందల తొంభై ఆరు గ్రాములు. అంటే ఒక్కో బిళ్ళ ఇంచుమించు తొమ్మిది గ్రాములు. ఇంటికొచ్చి ఫోనులో రాగి ధర, నికెల్ ధర చూసింది. జాకెట్టు కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీలో రెండుసార్లు గుణించింది. రెండుసార్లూ తొమ్మిది రూపాయల చిల్లరే వచ్చింది. గిరిప్రసాద్ చెప్పింది నిజం.

ఆ సాయంత్రం దయానంద్ ఆటో నిలబెట్టి కాళ్ళు కడుక్కుంటూ ఉండగానే చెప్పింది. అతను మొదట నమ్మలేదు. పుస్తకం చూపించాక తడి చేతులతోనే పట్టుకున్నాడు.

"అంటే ఒక్కోదానికి నాలుగు రూపాయలు మిగుల్తాది. రోజుకు నూటిరవై. ఏమ్మే, నీళ్ళమ్మే పనే లేదు గదా మనకు!"

"అట్ల అన్నీ తీసేస్తే ఊరికి తెలీదా? రోజుకు ముప్పై తీసిపెడతా. సూద్దాం."

"ముప్పై అంటే ఎప్పటికి?"

"నాకు దుడ్లు కాదయ్యా ముఖ్యం. ఇది నిజంగా జరిగే పనా కాదా తెలుసుకోవాల."

దయానంద్‌కు దుడ్లే ముఖ్యం.

మరుసటి రోజు నుంచి కృపామణి ముప్పై బిళ్ళలు తీసి, మూత పగిలి మూలన పడేసిన క్యానులో వేయడం మొదలుపెట్టింది. గంగాధరానికి వందకు బదులు డెబ్భై ఇచ్చింది. "ఈ మధ్య తక్కువ పడతాండాయన్నా" అని చెప్పింది. ఆ మాట అన్నప్పుడు అతని మొహం చూడలేకపోయింది. గంగాధరం ఏమీ అనుకోలేదు. వానలు పడుతున్నాయి, నీళ్ళ ఖర్చు తగ్గి ఉంటుందిలే అన్నాడు.

మొదటి వారం ఏమీ తేడా కనిపించలేదు. ఎనిమిదో రోజు పెట్టెలో తొంభై అయిదే ఉన్నాయి. పదో రోజుకు డెబ్భై రెండు. పదకొండో రోజు యాభై ఎనిమిది. కృపామణి బిళ్ళలు బయటికి తీసి, పెట్టె లోపల చెయ్యి పెట్టి తడిమి చూసింది, ఎక్కడైనా ఇరుక్కున్నాయేమోనని. ఏమీ లేవు. క్యానులో ఉన్నవి లెక్కపెడితే మూడు వందల ముప్పై. ఇంత పెద్ద ఊరు, పదమూడేళ్ళ వ్యాపారం. మూడు వందలు పక్కన పెడితే సగం నీళ్ళు ఆగిపోవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఆరోజు నుంచే జనం ఇంటికి రావడం మొదలైంది. మొదట వచ్చింది తిరుమలమ్మ. పెట్రోలు బంకు దగ్గర పూలమ్ముతుంది, అరవై దాటిన మనిషి. ఒక చేతిలో ఖాళీ క్యాను, ఇంకో చేతిలో పది రూపాయల నోటు.

"కృపా, బిళ్ళలు దొరకడంల్యా మే. గంగాధరం దగ్గర లేవంట. ఈ నోటు తీసుకొని ఇప్పుడొకటి, రేపొకటి పట్టీ."

కృపామణి మిషను ఆపి, షెడ్డులోకి పోయి చేత్తో కొళాయి తిప్పి పట్టింది. ఆమె పోగానే ఇంకొకరు. తర్వాత ఇద్దరు. మధ్యాహ్నానికి షెడ్డు ముందర నోట్లు పట్టుకొని ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. క్యాను నిండేదాకా ఆమె నిలబడాలి, నిండగానే కట్టాలి. రెండు రోజుల్లో ఇవ్వాల్సిన జాకెట్లు నాలుగు మిషను మీదే ఉండిపోయాయి. పెళ్ళికి కుట్టమని ఇచ్చిన ఒకామె వచ్చి గుడ్డ వెనక్కి తీసుకుపోయింది. కొందరు పుత్తూరు నుంచి వచ్చే నీళ్ళ ఆటో దగ్గర కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆ నీళ్ళు క్యాను పదిహేను రూపాయలు.

"ముప్పై తీయడం ఆపేసినావు గదా, మల్ల ఎందుకు పెరగడంల్యా?" అని దయానంద్ అడిగాడు.

"అదే నాకూ అర్థం కాలా."

నిజంగానే అర్థం కాలేదు. క్యానులో వేయడం ఆపి నాలుగు రోజులైంది. వచ్చినవన్నీ గంగాధరానికే ఇస్తోంది. అయినా పెట్టెలో పడేవి రోజురోజుకూ తగ్గుతున్నాయి. బిళ్ళలు ఊళ్ళోంచి బయటికి పోవు, నీళ్ళకు తప్ప ఎవరూ ఖర్చు పెట్టరు. మరి పోతున్నాయెక్కడికి? ఆ ప్రశ్న ఇప్పుడు రాగి ధర కంటే ఎక్కువగా ఆమెను పట్టుకుంది.

గంగాధరం అంగట్లో పది రూపాయలకు ఎర్ర గోళ్ళరంగు సీసా కొనుక్కొచ్చింది. మూలనున్న క్యానులోంచి అరవై బిళ్ళలు తీసి, ఒక్కోదాని మీద అంచు దగ్గర చిన్న చుక్క పెట్టి ఆరబెట్టింది. ఆ అరవై గంగాధరానికి ఇచ్చింది. "ఇవి ఎన్ని రోజులకు నా పెట్టెలోకొస్తాయో సూడాల" అని మనసులో అనుకుంది.

మొదటి రోజు ఒక్కటీ రాలేదు. రెండో రోజు రెండు. తర్వాత ఒకటి, ఒకటి, మూడు. వారం తిరిగేసరికి పెట్టెలో పడిన ఎర్రచుక్కలు తొమ్మిదే.

"నేనిచ్చిన బిళ్ళలు ఇంగా నీ దగ్గరుండాయా?" అని గంగాధరాన్ని అడిగింది.

"యాడుంటాయిమ్మా? ఆ పూటే అయిపోయినాయి. ఒక్కోరు రెండు అడుగుతాండారు, మూడు అడుగుతాండారు. సామాను కొనకపోయినా సరే, నోటు తెచ్చి బిళ్ళలియ్యమంటాండారు."

"నీళ్ళకా?"

"ఇంగ దేనికి?"

ఇంటికి వచ్చే దారిలో తిరుమలమ్మ గడప ముందు ఆగింది. ముసలామె అరుగు మీద మల్లెపూలు కడుతోంది. ఒక జాకెట్టు కొలత అడగాలన్న వంకతో కృపామణి లోపలికి పోయింది. సున్నం రాలిన గోడ గూట్లో వెంకటేశ్వరస్వామి పటం. పటం ముందర స్టీలు గ్లాసు. గ్లాసు నిండా తెల్ల బిళ్ళలు. పైనే రెండు ఎర్రచుక్కలు.

"ఏమత్తా ఇవి?"

"నీళ్ళ బిళ్ళలు మే. ఆ మధ్య దొరక్కుండా పోయినాయి గదా, ఇంగెప్పుడన్నా అట్లయితే ఏం జేసేదని, దొరికినప్పుడల్లా నాలుగు దాసిపెట్టుకుంటాండా. నేనొక్కదాన్నేనా? ఈ వీధంతా అంతే. మునెయ్య పెండ్లాం బియ్యం డబ్బాలో పెట్టుకునుండాది, నాకు సూపించింది."

"నీ దగ్గర ఎన్నుండాయి?"

"నలభయ్యో యాభయ్యో. ఎందుకట్ల అడుగుతాండావు?"

కృపామణి జాకెట్టు కొలత మాట మరిచిపోయి బయటికి వచ్చింది. ఎండలో నడుస్తుంటే చెవులు వేడెక్కాయి. తను మూడు వందలు దాచింది. అది చూసి కాదు, తను దాచిందని ఎవరికీ తెలియకుండానే, బిళ్ళలు తగ్గాయన్న ఒక్క భయంతో ఇంటింటికీ ముప్పై నలభై దాచుకున్నారు. ముప్పై ఇళ్ళు దాచినా వెయ్యి. అన్ని బిళ్ళలూ ఊళ్ళోనే ఉన్నాయి, ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. నీళ్ళు మాత్రం రావడంలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ దయానంద్‌కు ఇదంతా చెప్పింది.

"అయితే మనం దాసినవి అమ్మేసి వద్దాం. ఎట్లా దాసినాం గదా" అన్నాడు అతను.

"అమ్మేదో ఇచ్చేదో, ముందు అసలు ధర ఎంతో తెలుసుకుంటా. రేపు చిత్తూరు పోయొస్తా."

"నేనూ వస్తా."

"నువ్వొస్తే షెడ్డులో కొళాయి ఎవురు తిప్పుతారు?"

మర్నాడు పుత్తూరులో చిత్తూరు బస్సెక్కింది. క్యానులో మిగిలిన రెండు వందల డెబ్భై బిళ్ళలూ గుడ్డ సంచిలో కట్టి, పైన రెండు బెండకాయల పొట్లాలు పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. సంచి రెండున్నర కేజీలే. అయినా ఒడిలో పెట్టుకొని రెండు గంటలు కూర్చునేసరికి తొడలు తిమ్మిరెక్కాయి. కార్వేటినగరం దాటాక పక్క సీటు ఆమె, "ఏముందమ్మా, అంత భద్రంగా పట్టుకున్నావు?" అంది. కృపామణి బెండకాయలని చెప్పింది.

చిత్తూరులో మార్కెట్టు వెనక వీధిలో పాత రాగి, ఇత్తడి సామాన్లు కొనే అంగళ్ళు నాలుగున్నాయి. మొదటి రెండింట్లో సంచి విప్పగానే తల అడ్డంగా ఊపారు. మూడో అంగడి ఓనరు పేరు బాలచంద్ర. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకొని పాత కొళాయిలు విడదీస్తున్నాడు. ఆయన మాత్రం ఒక బిళ్ళ తీసి చేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. తర్వాత అయస్కాంతం పెట్టి చూశాడు. అంటుకోలేదు.

"యాడివమ్మా ఇన్ని? చిత్తూరంతా ఎతికినా రోజుకు నాలుగు దొరకవు."

"ముందు దీంట్లో తొమ్మిది రూపాయల సరుకుందా లేదా సెప్పన్నా" అని కృపామణి తన జాకెట్ల పుస్తకం తీసి వెనక పేజీ చూపించింది.

బాలచంద్ర కళ్ళద్దాలు కిందికి దించుకొని గుణించిన లెక్కలన్నీ శ్రద్ధగా చదివాడు. "లెక్క తప్పు కాదు. బాగా వేసినావు. రాగిని రాగి ధరకు, నికెల్‌ను నికెల్ ధరకు అమ్మితే తొమ్మిదే. కానీ ఈ బిళ్ళలో రాగి యాడుందో, నికెల్ యాడుందో నాకు సూపించు."

"రెండూ కలిసిపోయినాయి గదన్నా."

"అదే సెప్తాండా. కాఫీ కలిపేసినాక పాల ధర పాలకు, చక్కెర ధర చక్కెరకు ఎవురిస్తారు? విడదీయాలంటే పెద్ద ఫ్యాక్టరీ కావాల. దానికయ్యే ఖర్చెంత?"

"సరే, కలిసింది కలిసినట్టే అమ్మితే?"

"నా బోటోడు ఇత్తడి రేటిస్తాడు. కేజీ అయిదొందలు. కేజీకి ఎన్ని బిళ్ళలు తూగుతాయి?"

ఆమె నోటితోనే లెక్క వేసింది. "నూటపదకొండు. అంటే అయిదొందల యాభై అయిదు రూపాయలు."

"అయిదొందల యాభై అయిదు నాకిచ్చి అయిదొందలు తీసుకుంటావా?"

కృపామణికి నవ్వాగలేదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. బస్సు టికెట్టు, పోయిన జాకెట్ల కూలి, అమ్ముడుపోని నీళ్ళు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. బాలచంద్ర కూడా నవ్వాడు గానీ వెంటనే గొంతు తగ్గించాడు.

"ఇంగోటి కూడా వినమ్మా. సర్కారు బిళ్ళ కరగబెట్టడం నేరం. ఏడేండ్ల దాకా జైలంట. అందుకే ఈ వీధిలో ఎవురిని అడిగినా తల అడ్డంగా ఊపేది. నేనూ కొనను."

"ఎవురో ఏడు రూపాయలకు కొంటాండారని సెప్పినారే?"

"ఉంటారేమో. లారీ లెక్కన దొంగతనంగా పంపేవాళ్ళు అయ్యుంటారు. వాళ్ళు నీ రెండున్నర కేజీలకు తలుపు తీయరు. వాళ్ళ మొగం నేను సూడలేదు, నువ్వూ సూడొద్దు."

ఆమెకు ఇంకా ఒక సందేహం మిగిలే ఉంది. "ఒకవేళ పదేండ్లు దాసిపెట్టి, అప్పుడు రాగి ధర రెండింతలైతే?"

బాలచంద్ర చేతిలోని కొళాయి కింద పెట్టాడు. "మా నాయన ఇట్లనే ఇత్తడి బిందెలు దాసినాడు. అటక నిండా. ధర పెరుగుతాదని. పెరిగింది, పెరగలేదని సెప్పను. ఆయన దాసినప్పుడు బిందె ధరకు బియ్యం మూట వస్తాండె. అమ్మినప్పుడూ మూటే వచ్చింది. మధ్యలో ముప్పై ఏండ్లు ఆ అటక మీద మేము ఇంగేమీ పెట్టుకోలేకపోయినాం." ఆయన బిళ్ళను సంచిలో వేశాడు. "ఇప్పుడు నువ్వు సెప్పు. ఇన్ని బిళ్ళలు యాడివి?"

కృపామణి అంతా చెప్పింది. మందం బిళ్ళ తప్ప ఇంకోటి మింగని పెట్టె, నీళ్ళ బిళ్ళ అనే పేరు, గంగాధరం అంగడి, ఎర్రచుక్కలు, తిరుమలమ్మ గ్లాసు. ఎర్రచుక్కల దగ్గర ఆయన కొళాయిలు పక్కకు నెట్టి ముందుకు వంగి కూర్చున్నాడు.

"అంటే దేశంలో యాడా లేకుండా పోయిన బిళ్ళల్ని మీ ఊరు పదమూడేండ్లుగా దాసిపెట్టిందన్నమాట!"

"దాయలేదన్నా" అంది కృపామణి. "వాడుకుంటా ఉన్నాం. దాసిపెట్టింది ఇప్పుడే. దాసినాకనే లేకుండా పోయినాయి."

తిరుగు బస్సులో ఆమె సంచిని ఒడిలో పెట్టుకోలేదు, సీటు కిందికి తోసింది. డబ్బు రానందుకు పెద్దగా బాధ అనిపించలేదు. తన లెక్క తప్పు కాదని ఆయన అన్న మాట మాత్రం రెండు మూడుసార్లు గుర్తొచ్చింది. గంగాధరంతో ఆడిన అబద్ధం కూడా గుర్తొచ్చింది. అది గుర్తొచ్చినప్పుడల్లా కిటికీ వైపు తిరిగి మామిడి తోటలు చూసింది.

సాయంత్రం షెడ్డు ముందర పది పన్నెండు మంది క్యాన్లతో ఉన్నారు. దయానంద్ చొక్కా తడిసిపోయి కొళాయి తిప్పుతున్నాడు. కృపామణి సంచి తెచ్చి వాళ్ళ ముందే పళ్ళెంలో బోర్లించింది.

"బిళ్ళలు తగ్గింది నా వల్లనే. నేనే తీసి దాసినా. రాగి కింద అమ్మితే జాస్తి వస్తాదనుకుంటి. రాదు. ఇవిగో, నోటుకు రెండు తీసుకోండి. మీ ఇండ్లల్లో దాసినవి కూడా వాడండి, ఇంగ తగ్గవు."

మునెయ్య పెళ్ళాం తల తిప్పుకుంది. తిరుమలమ్మే మొదట నోరు తెరిచింది.

"ఏమ్మే, పుత్తూరు ఆటోలో క్యాను పదిహేను పెట్టి కొన్నానే నేను! అవసరమా నీకీ రాగి?"

"లోపలేముందో తెలుసుకుందామనుకున్నా అత్తా."

"తెలిసిందా?"

"తెలిసింది."

"ఏముంది?"

"రాగి ఉంది. బయటికి రాదు."

తిరుమలమ్మ ఏదో గొణుక్కుంటూ పళ్ళెంలోంచి రెండు బిళ్ళలు తీసుకొని క్యాను పెట్టెకింద పెట్టింది. గంగాధరం దగ్గరికి కృపామణి మరుసటి రోజు విడిగా పోయి చెప్పింది. ఆయన విని, "నీళ్ళ ఖర్చు తగ్గిందనుకుంటినే" అని మాత్రం అన్నాడు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు ఆయనే ఫోను చేసి వంద బిళ్ళలు పంపమన్నాడు.

కృపామణి చెప్పినంత మాత్రాన గ్లాసుల్లో ఉన్నవి బయటికి రాలేదు. మళ్ళీ ఎప్పుడు తగ్గుతాయోనన్న భయం జనానికి పోలేదు. నెల గడిచినా పెట్టెలో తొంభై దాటలేదు. అందుకని గిరిప్రసాద్‌కు ఫోను చేసి, పసుపు బిళ్ళ కూడా తీసుకునే సామాను ఉందా అని అడిగింది. ఉంది, మూడు వేల రెండు వందలు అన్నాడు. ఎప్పుడు కావాలన్నా పెట్టేవాడినే, నువ్వు అడగలేదు గదక్కా అన్నాడు.

అతను వచ్చి పాతది విప్పాడు. లోపల చిన్న బిగింపులో ఒక మందం బిళ్ళ నిలబడి ఉంది. వేసే ప్రతి బిళ్ళనూ మిషను ఆ బిళ్ళతో పోల్చి చూసుకుంటుందని, సరిపోతే మింగుతుందని, లేకపోతే వదిలేస్తుందని చూపించాడు.

"ఇదే ఎందుకు పెట్టినావప్పా అప్పుడు?"

గిరిప్రసాద్ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "ఆ రోజు నా జోబీలో ఉన్నింది ఇదేనక్కా. పసుపుది ఉండుంటే అదే పెట్టుండేవాణ్ణి."

కృపామణి చాలాసేపు ఆ బిళ్ళ వైపే చూసింది. ఒక కుర్రాడి జేబులో ఆ పూట ఏ బిళ్ళ ఉందన్నదాన్ని బట్టి రెండు వందల ఇళ్ళు పదమూడేళ్ళు నడుచుకున్నాయి. చిత్తూరాయనకు ఈ సంగతి తెలిస్తే ఇంకా ముందుకు వంగి కూర్చునేవాడనుకుంది. గిరిప్రసాద్ దాన్ని చొక్కా జేబులో వేసుకొని, కొత్తది బిగించి, పసుపు బిళ్ళ ఒకటి, తెల్ల బిళ్ళ ఒకటి వేసి నీళ్ళు పట్టి చూపించాడు.

నెమ్మదిగా షెడ్డు ముందర వరస పోయింది. గ్లాసుల్లో, బియ్యం డబ్బాల్లో ఉన్న బిళ్ళలు కూడా బయటికొచ్చాయి. ఏ బిళ్ళయినా పడుతుందన్నాక వాటిని దాచుకోవాల్సిన పని ఎవరికుంది? తెల్ల బిళ్ళ ఇప్పుడు బస్సు కండక్టరుకూ ఇస్తున్నారు, పుత్తూరు సంతలోనూ ఇస్తున్నారు. క్రిస్మస్ ముందు ఆదివారం చందా సంచి లెక్క పెట్టినప్పుడు దాంట్లో ఏడు కనిపించాయని పాస్టరు గారు చెప్పారు.

కృపామణి గోడ మీద క్యాలెండరులో రోజూ పొద్దున పెట్టెలో పడిన తెల్ల బిళ్ళల సంఖ్య పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. నవంబరులో తొంభై, డెబ్భై. డిసెంబరులో నలభై, ముప్పై. సంక్రాంతి పోయాక పదకొండు.

"ఏం జేస్తావు ఆ లెక్కతో?" అని దయానంద్ ఒక రోజు అడిగాడు. "ఇప్పుడన్నా నాలుగు తీసిపెట్టుకోకూడదా?"

"ఏం జేయను. ఎప్పటికి అయిపోతాయో సూస్తాండా."

మార్చిలో ఒక మంగళవారం పళ్ళెంలో నూట పదహారు బిళ్ళలు పడ్డాయి. అన్నీ పసుపువే. ఆమె రెండోసారి కూడా కలియబెట్టి చూసింది. క్యాలెండరులో సున్నా రాసింది. వీధిలో ఎవరో జాకెట్టు అయిందా అని కేకేస్తే, ఇంకా కాజాలు కుట్టాలి, అరగంటలో రమ్మని చెప్పి మిషను దగ్గరికి పోయింది.